పడుగు, వరంగల్

"ఆ రంగు చేతులతోని ముట్టకే! సర్కారు కాయితం!" అని వాకిట్ల నిలబడి మొత్తుకున్నడు వెంకట్రాజం.

భాగ్యమ్మ ముట్టలేదు. ముట్టాల్నన్న ముచ్చట గూడ ఆమెకు లేదు. పొద్దుగాల ఐదింటికి లేచినకాడి నుంచి కాగుల నూలు చిలపలు ముంచుడు, పిండుడు, దండెం మీద ఏసుడు. మోచేతుల దాకా ఎర్రగైనయి. ఒక పొయ్యి మీద రంగు మరుగుతాంది, ఇంకో పొయ్యి మీద పప్పు మరుగుతాంది. ఏ గంటె దేంట్లె పెడుతున్ననో అన్న బుగులే ఆమెకు సరిపోయింది.

వెంకట్రాజం గోలెం కాడికి పోయి కాళ్లు కడుక్కున్నడు, చేతులు కడుక్కున్నడు, తువాలతోని మొహం గూడ తుడుచుకున్నడు. అప్పుడు పోస్టుమేన్ గద్దె మీద పెట్టిపోయిన గోధుమరంగు కవరును రెండు చేతులతోని పట్టుకున్నడు. కవరు మీద గుండ్రటి ఊదారంగు ముద్ర, ముద్ర నడుమ ఏందో జంతువు. దూరంకెల్లి చూస్తే సింహమే. దగ్గరికెల్లి చూస్తే గల్లీల తిరిగే కుక్క. ఆయన దూరంకెల్లే చూసిండు. చూసి, కవరు చింపి, లోపలి కాయితాన్ని పెండ్లాం మొహానికి బారెడు దూరంల పట్టిండు.

"చదువు."

"జర దగ్గరికి పట్టు మరి. అంత దూరం పట్టుకుంటే నాకు కనపడొద్దా?"

కాయితం ఆయనది, కండ్లు ఆమెవి. వెంకట్రాజంకు ఇంగ్లీషు రాదు. వర్ధన్నపేట బడిల ఏడో తరగతి దాకా చదివిన భాగ్యమ్మకు అచ్చరాలొచ్చు. పెండ్లయినంక ఒక పాత డిక్షనరీ సంపాయించి, పిల్లలు బడికి పోయినంక ఒక్కో మాట వెతుక్కొని, సరుకు కొనే బొంబాయోళ్ల ఉత్తరాలు చదువుడు, జవాబు రాసుడు ఆమెనే నేర్చుకున్నది. వచ్చినోళ్ల ముందట మాత్రం, "మా ఆడిదానికి జర చదువుడు పిచ్చి, పొద్దుపోక ఏందో గిలుకుతది" అంటడు వెంకట్రాజం. పొద్దు పోక! పొద్దు సాలక సస్తుంటే!

కాయితంల లావు లావు అచ్చరాలతోని ఇట్లున్నది. ఆఖరి నోటీసు. 'పడుగు' అన్న మీ తార్ అడ్రసు డిసెంబరు ముప్ఫై ఒకటితోని ముగుస్తాంది. పది దినాలల్ల మనియార్డరు పంపకపోతే మీ పేరు వేరే వాళ్లకు పోవచ్చు. కింద ఢిల్లీ అడ్రసు, 'అఖిల భారత తార్ చిరునామాల రిజిస్టర్' అని. ఇంకా కిందికి, కాయితం అంచుకు, చీమ తలకాయంత అచ్చరాలల్ల ఇంకో లైను. ఇది బిల్లు గాదు, మా పుస్తకంల మీ పేరు అచ్చేయించుకొమ్మని ఆహ్వానం మాత్రమే.

భాగ్యమ్మ ఆ లైనును రెండుసార్లు చదివి చెప్పింది. నిరుడు గూడ చెప్పింది, ముందటేడు గూడ చెప్పింది.

"అంత సన్నగ రాసిందాన్నే ఎందుకు పట్టుకుంటవే? ముఖ్యమైందైతే పెద్దగ రాయకపోదురా?" అన్నడు వెంకట్రాజం.

తల గోడకేసి కొట్టుకుందామంటే గోడకు మొన్ననే సున్నమేసింది, అది గూడ ఆమెనే.

ఈ తార్ అడ్రసు ముచ్చట ఏందంటే, తార్ల, అంటే టెలిగ్రాంల, మాటమాటకు పైసలు పడ్తయి. 'వెంకట్రాజం, జంపఖానాల వ్యాపారి, ఫలాన గల్లి, కొత్తవాడ, వరంగల్' అని బొంబాయి సేటు రాసుకుంట పోతే, సరుకు ముచ్చట రాకముందే ఆయనకు ఇసుగొస్తది. అందుకని వ్యాపారస్తులు తారాఫీసుల ఒక్క మాట రాయించుకుంటరు. ఊరు మొత్తంల ఆ మాట ఒక్కలకే. ఆ మాట, ఊరి పేరు, రెండు రాస్తే సాలు, తార్ సక్కగ ఇంటి ముందటికొస్తది. ఏడాదికోసారి తారాఫీసుల రుసుం కట్టి రశీదు తెచ్చుకోవాలె. మరిచిపోతే ఆ మాట పోతది, వెనక కాసుకొని కూసున్నోడు ఎత్తుకపోతడు. మాట పోతే దాని ఎంబడి ఆర్డర్లు పోతయి.

ఆ మాట పెట్టింది భాగ్యమ్మ. డెబ్బై ఆరుల, ఆరేండ్ల కింద, ఇద్దరు కలిసి తారాఫీసుకు పోయిండ్లు. వెంకట్రాజం 'మార్కండేయ' కావాలన్నడు. పద్మశాలోడు ఇంకేమంటడు? కౌంటరు కాడి పాండురంగం రిజిస్టరు తిప్పి, "మార్కండేయ అయిపోయింది. శ్రీ మార్కండేయ, శివ మార్కండేయ, జై మార్కండేయ, భక్త మార్కండేయ, అన్నీ అయిపోయినయ్. మీ కొత్తవాడోళ్లందరు ఒక్క దేవుని మీదనే పడితే నేనేం చేద్దునయ్యా?" అన్నడు. తలుపు కాడ సంచి పట్టుకొని నిలబడ్డ భాగ్యమ్మ, "పడుగు అని పెట్టరాదుండ్లి?" అన్నది. మగ్గం మీద నిలువు పోగుల పడుగు లేకపోతే ఇంకేమున్నది, అట్ల నోట్లెకొచ్చింది. పాండురంగం వెతికి, "లేదు, ఎవలికి లేదు. మంచిగున్నదమ్మా" అని రాసుకున్నడు. పొద్దుగూకేసరికి వెంకట్రాజం గల్లీల అందరికి చెప్తాండు, "నాకు టక్కున తట్టిందిరా, పడుగు అని!"

అప్పటి సంది బొంబాయి, నాగపూరు సేట్లకు వెంకట్రాజం ఎవడో తెల్వదు గని 'పడుగు వరంగల్' ఎరుకే. తార్లొచ్చినయి, మగ్గాలు రెండు నాలుగైనయి. ఏ రంగు పక్కన ఏ రంగు పడాల్నో భాగ్యమ్మ చెప్పాలె, నూలుకు రంగులేయాలె, కండెలు చుట్టాలె, నేసేటోళ్లకు చాయ్ పోయాలె, అత్తకు కాళ్లు ఒత్తాలె, బొంబాయికి జవాబు రాయాలె. నిరుడు జనాభా లెక్కలాయన వచ్చి, "మీ భార్య ఏం చేస్తదండీ?" అని అడిగిండు. రాట్నం ముందట కూసుండి కండె చుడుతాంది భాగ్యమ్మ, ఆయనకు రెండు గజాల దూరంల. "ఏం చెయ్యదు సార్, ఇంట్లనే ఉంటది" అన్నడు వెంకట్రాజం. ఆ సారు గూడ రాట్నం దిక్కు చూసిండు, చూసి, 'ఏం చెయ్యదు' అనే రాసుకున్నడు. తెగిన పోగు ముడేసుకుంట, వీళ్లిద్దరికి కండ్లున్నయా, కండ్ల కాడ గాజు గోటీలు పెట్టుకున్నరా అనుకున్నది భాగ్యమ్మ. అనుకొని లేచి ఆ సారుకు చాయ్ గూడ పెట్టింది. అదే తన మీద తనకు ఎక్కువ కోపం.

ఢిల్లీ కాయితాన్ని ఆయన ఎందుకు నమ్మిండో గూడ ఆమెకు ఎరుకే. చిన్నప్పటి సంది ఆయన నేసిన బట్టను చేనేత సంఘంల ఇచ్చేటోడు. సంఘపాయన బట్ట అంచు మీద గుండ్రటి ఊదారంగు ముద్ర కొడితే ఆ బట్ట పాసు. ముద్ర పడకపోతే పది దినాల కష్టం వాపసు ఇంటికి. అందుకే కొత్తవాడల ముద్ర అంటే దేవుడు. ఏమున్నదో చదవరు, ముద్ర ఉన్నదా లేదా చూస్తరు. ఆ ఢిల్లీ దొంగలకు ఈ సంగతి ఎవలు చెప్పిండ్లో ఏమో గని, గుండ్రటిదే కొట్టిండ్లు, ఊదారంగే కొట్టిండ్లు.

మొదటిసారి ఆయన తారాఫీసుల కట్టుడు మానేసి ఢిల్లీకి మనియార్డరు పంపిన్నాడు భాగ్యమ్మ తారాఫీసుకు పోయి అడిగింది. పాండురంగం కాయితం తిప్పి తిప్పి చూసి, "ఇది సర్కారుది గాదమ్మా. ఎవడో పుస్తకం అచ్చేస్తా అంటాండు. అచ్చేస్తడో లేదో గూడ తెల్వది. మీ మాట ఉండాల్నంటే ఈడ, ఈ కౌంటర్ల కట్టాలె" అన్నడు. ఇంటికొచ్చి చెప్తే, "పాండురంగంకు ఢిల్లీ కంటే ఎక్కువ తెల్సా?" అన్నడు మొగడు. ఇంకేం చేస్తది? పక్కిండ్లకు కండెలు చుట్టిచ్చి కూడబెట్టుకున్న దాంట్లకెల్లి తీసి, సప్పుడు చెయ్యకుంట తనే కట్టొచ్చింది. మరుసటేడు గూడ అంతే. ఆయన ఢిల్లీకి, ఆమె తారాఫీసుకు. తార్లొస్తనే ఉన్నయి. తార్ వచ్చినప్పుడల్లా వెంకట్రాజం మీసం దువ్వి, "చూసినవా, ఢిల్లీల కడితె ఎట్ల పనైతదో!" అనేటోడు. ఆమె లోపల ఏదో ఒకటి సుర్రుమనేది. నేను పోసే నీళ్లకు చెట్టు పెరుగుతుంటె ఆయన ఉమ్మేసి వచ్చి నావల్లనే అంటున్నడే అని! చెప్పుదామంటే ఇంట్ల లొల్లి. చెప్పకపోతే కడుపుల లొల్లి. రెండేండ్లు కడుపులనే పెట్టుకున్నది.

ఈసారి కాయితం వచ్చిన మర్నాడు కూరగాయలకని బయటపడి, ఎప్పటి తీరుగ తారాఫీసు మెట్లెక్కింది. పాండురంగం ఆమెను చూసి కళ్లజోడు సదురుకున్నడు.

"మంచిదైంది అమ్మా వచ్చినవ్. మీ వాడల మొగిలయ్య అర్జీ పెట్టిండు, పడుగు అన్న మాట నాకియ్యుండ్లి అని. ఇది వేరేవాళ్లదయ్యా అంటే, కట్టకపోతే నాకే ఇయ్యాలె అని రాసిచ్చి పోయిండు. ముప్ఫై ఒకటి సాయంత్రం ఐదు దాటితే నేను ఆపలేను."

మొగిలయ్య రెండిండ్ల అవతల జంపఖానాలోడే. పడుగు మాట మీద ఎన్ని తార్లొస్తున్నయో కిటికిలకెల్లి లెక్కపెడుతున్నడన్నట్టు. భాగ్యమ్మ కౌంటరు దగ్గరికి జరిగింది. సంచిలకెల్లి చిన్న పైసల మూట తీసింది, మళ్ల ఆగింది.

"అన్నా, ఒక మాట. ఇది ఇప్పుడు ఎవలి పేరు మీదున్నది?"

"మీ ఆయన పేరు మీద."

"ఆయన నాకొద్దు అంటే?"

"నాకొద్దని రాసి సంతకం పెట్టియ్యాలె. అదే ఘడియల ఇంకొకలు అర్జీ పెట్టి కడితే, మాట వాళ్లదైతది. ముందు కట్టినోళ్లకు ముందు, మొగిలయ్య అర్జీ ముప్ఫై ఒకటి దాటినంకనే లెక్కకొస్తది. ఎందుకమ్మా?"

"ఊకెనే" అన్నది. మూట మళ్ల సంచిల పెట్టుకొని ఇంటికొచ్చింది. తొవ్వంతా ఒక్కటే ఆలోచన. ఈ ఒక్కసారి నిజం మొహం మీద చెప్తా. ఆయన అర్థం చేసుకొని, పోయి కట్టిరా అంటే, ఆయన పేరు మీదనే కట్టొస్తా, నాకు ఏ పేరూ వద్దు. అట్ల అనకపోతే? ఆ తర్వాతి సంగతి ఆమె అప్పుడే పూరాగ అనుకోలేదు గని, కాళ్లు మాత్రం జర జోరుగనే పడ్డయి.

తినేటప్పుడు చెప్పింది. బియ్యం డబ్బా కిందికెల్లి రెండేండ్ల తారాఫీసు రశీదులు తీసి ఆయన పళ్లెం పక్కన పెట్టింది. "ఇగో, తార్లు వీటి మీద వస్తున్నయి. ఢిల్లీకి పంపిందాని మీద గాదు. మొగిలయ్య అర్జీ పెట్టిండు. ఈసారి ఈడ కట్టాలె, ఢిల్లీకి పంపొద్దు" అన్నది. నెమ్మదిగనే అన్నది, గట్టిగ అంటే ఎక్కడ రోషమొస్తదో అని, పసిపిల్లగానికి చెప్పినట్టు.

వెంకట్రాజం రశీదులు చూసిండు. మెతుకులంటిన చేత్తోనే ఎత్తి చూసిండు, వాటికేం కాళ్లు కడుక్కోలేదు.

"ఇవి ఎవని పైసలు?"

"నేను కండెలు చుట్టినయి."

"ఎవనికి తెల్వకుంట చుట్టినవ్? నాకు దాసిపెట్టి చుట్టినవా?"

గద్దె మీద కూసున్న అత్త రాజవ్వ తమలపాకు మడుచుకుంట, "మొగనికి తెల్వకుంట మూటలు కట్టే ఆడిది ఇంకేమేం చేస్తాందో బిడ్డా, అడుగు" అన్నది.

చూసిండ్లా? రెండేండ్లు మాటను కాపాడితే దొంగైంది. భాగ్యమ్మకు ఏడుపు రాలేదు. ఏడుపొచ్చే జాగల నవ్వొచ్చింది, ఆ నవ్వుకు ఆమెకే భయమేసింది. పదహారేండ్ల కాపురంల ఎన్నిసార్లు ఇట్లనే జరిగిందో ఒక్కపారి కండ్ల ముందటికొచ్చింది. రంగు కుదిరితే ఆయన కన్ను, రంగు పోతే ఆమె చెయ్యి. ఆర్డరొస్తే ఆయన అదృష్టం, ఆర్డరు తప్పితే ఆమె రాసిన ఉత్తరం. కట్టకపోతే తప్పు, కడితే దొంగతనం. ఇట్లాంటి ఇంట్ల ఒక మనిషి ఏ దిక్కు నిలబడితే సరిగ్గ నిలబడ్డట్టు? తను ఏడ నిలబడ్డా ఆయన నీడ పడే జాగనే దొరుకుతాంది.

"నువ్వు కట్టకపోయినా తార్లొస్తయే. నా పేరు ఢిల్లీల పక్కాగున్నది. ముద్రతోని ఉన్నది" అంటాండు వెంకట్రాజం. "ఈసారి ఆ తారాఫీసు మెట్లెక్కినవో కాళ్లిరగ్గొడ్త."

"అంటే ఈడి తారాఫీసుది నీకొద్దా?"

"వద్దు."

"మంచిగ ఆలోచించి చెప్పు. మొగిలయ్య కాసుకొని కూసున్నడు."

"వాన్ని తీసుకపొమ్మను! ఎవలన్న తీసుకపోండ్లి! ఢిల్లీది ఉండంగ నాకు ఈ గల్లీ తారాఫీసుది ఎందుకే?"

"అదే మాట రాసిస్తవా?"

"రాసుకో పో! సంతకం పెడ్త! ఈ నస నాకు బందైతే సాలు!"

భాగ్యమ్మ లేచి పిల్లల కాపీలకెల్లి ఒక కాయితం చింపుకొచ్చింది. ఆయన అన్నదే రాసింది, ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. పడుగు అన్న తార్ అడ్రసు వరంగల్ తారాఫీసుల నాకు అక్కరలేదు, ఎవలన్న తీసుకోవచ్చు. రాసి, గట్టిగ చదివి వినిపించింది. అత్తకు గూడ వినపడేటట్టు చదివింది. "అంత మంచిగనే ఉన్నదా?" అని అడిగింది గూడ. వెంకట్రాజం చెయ్యి కడుక్కొని వచ్చి, పేరు ఒత్తి ఒత్తి సంతకం పెట్టిండు. పెట్టి, "ఇగ నోరు మూసుకొని చాయ్ పెట్టు" అన్నడు.

చాయ్ పెట్టింది. అత్తకొకటి, మొగనికొకటి. తను తాగలేదు. ఉతికిన చీర కట్టుకొని, "జర బయటికి పోయొస్త" అని చెప్పి వెళ్లింది. ఎటు అని ఎవలూ అడగలేదు. ఆమె ఎటుపోయినా ఇంటి పని మీదనే పోతది గద, అడిగే అవసరం ఏనాడు రాలేదు వాళ్లకు.

తారాఫీసుల పాండురంగం ఆ కాయితం రెండుసార్లు చదివిండు. సంతకాన్ని పాత ఫారం మీది సంతకంతోని కలిపి చూసిండు. కొత్త ఫారం ముందటికి జరిపిండు.

"మాట?"

"పడుగు."

"ఎవలి పేరు మీద రాయాల్నమ్మా?"

పెండ్లయినకాడి నుంచి ఏ ఫారంల గూడ ఆ గీత మీద ఆమె పేరు పడలేదు. ఇంటి పన్ను, కరెంటు, సంఘం సభ్యత్వం, నూలు కార్డు, అన్నీ ఆయనవే. నింపింది ఆమె, పేరు ఆయనది. పెన్ను పట్టుకున్న చెయ్యి అలవాటు కొద్ది 'వెం' అని రాయబోయింది. ఆపుకున్నది. ఇంత సిగ్గు ఎందుకు, నా పేరు రాయనీకి నాకెందుకు చెమట పడుతాంది అని తన మీద తనే ఇసుక్కున్నది. ఇసుక్కొని, గట్టిగ ఒత్తి రాసింది. భాగ్యమ్మ. వృత్తి అన్నకాడ జర ఆగి, జంపఖానాల తయారి, అని రాసింది. రశీదు తీసుకొని మడతపెట్టి రవికెల పెట్టుకున్నది.

సాయంత్రం వెంకట్రాజం కాళ్లు కడుక్కొని ఢిల్లీకి మనియార్డరు రాయించి వచ్చిండు. వద్దని ఆమె ఒక్క మాట గూడ అనలేదు.

జనవరి ఇరవయ్యో తారీఖు నాడు, ఎండ నడి వాకిట్లకొచ్చిన యాళ్లకు, తార్లిచ్చే గట్టయ్య సైకిలు గంట కొట్టిండు. వెంకట్రాజం గద్దె మీద కూసుండి నేసేటోళ్లకు రాజకీయాలు చెప్తాండు. మీసం మీద చెయ్యేసుకొని, "ఇటు తే గట్టయ్యా" అని చెయ్యి చాపిండు.

"నీకు గాదు సేటూ. అక్కకు. అక్కా, ఇగో, ఈడ సంతకం పెట్టు."

"అది పడుగు తారు గాదా?"

"పడుగుదే. పడుగు ఇప్పుడు అక్క పేరు మీదున్నది. వేరేవాళ్లకిస్తే నా నౌకరి పోతది."

మగ్గాల సప్పుడు ఆగింది. భాగ్యమ్మ కొంగుకు చేతులు తుడుచుకొని వచ్చి సంతకం పెట్టి, తార్ విప్పి చదివింది. బొంబాయి సేటు. రెండు వందల జంపఖానాలు, ఫిబ్రవరి ఆఖరు లోపట, ఒప్పుకుంటరా లేదా వెంటనే జవాబియ్యుండ్లి.

"నా పేరు ఏమాయెనే?" అన్నడు వెంకట్రాజం. గొంతుల కోపమున్నది గని, కోపం కింద ఎన్నడూ లేని బుగులు గూడ ఉన్నది.

"నీది ఢిల్లీల పక్కాగున్నది గద. ఈడిది వద్దని నువ్వే సంతకం పెట్టిస్తివి, అత్త ముందటనే చదివితిని" అన్నది భాగ్యమ్మ.

రాజవ్వ కొడుకు మొహం చూసింది, కోడలు మొహం చూసింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఆకు పెట్టె మూసింది. వెంకట్రాజం లేచి నిలబడ్డడు, మళ్ల కూసున్నడు. రెండు వందల జంపఖానాలంటే ఆ ఇంటికి ఎండకాలం దాకా బతుకు. అది ఆయనకూ తెల్సు.

"సరే, సరే, అయిందేదో అయింది. ఒప్పుకున్నమని రాసి గట్టయ్యకియ్యి, వాడు పోతడు" అన్నడు, ఎప్పటి గొంతు మళ్ల తెచ్చుకోబోయి.

భాగ్యమ్మ తార్ మడిచి చేతిల పట్టుకున్నది.

"జవాబు రేపిస్త గట్టయ్యా, నువ్వు పో. రంగులెవలేస్తరు, కండెలెవలు చుడుతరు, అన్నమెవలు వండుతరు, అది ముందు ఇంట్ల తేలాలె."